చేతిలో ఇమిడే సంగీతయంత్రం: రాబోయే నమూనాలు, మన అవసరాలు

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా ఏర్పాటైన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవాల కానుకగా మన పాఠశాలలో ఒక శ్రవణమందిరం అమర్చి ఇస్తామని పూర్వ విద్యార్థులు ముందుకు వచ్చిన సంగతి మీకందరికీ తెలిసినదే. పిల్లలు తెలుగు పాటలు, పద్యాలు, కథలు ఎవరికి వారు వినడానికి వీలుగా చేతిలో ఇమిడే సంగీతయంత్రాలు నలభై కొనిపెడతామన్నారు. వారి ఔదార్యానికి మేము కృతజ్ఞులము. అయితే ఏ యంత్రం కొనాలన్న దగ్గర అభిప్రాయభేదం వచ్చింది. ఇప్పుడే కొందామని కొందరు, వచ్చే ఏడాది మరింత మంచి నమూనాలు వస్తాయి, ఆగుదామని కొందరు, ఇంటింటా ఫోను ఉండగా వేరే యంత్రమెందుకని మరికొందరు అన్నారు. తుది మాట చెప్పవలసినదిగా నన్ను కోరారు. నేను ఇంజనీరును కాను. కాని ముప్పై ఏళ్ళుగా పిల్లల చెవులతోను, నాలుకలతోను పని చేస్తున్నదాన్ని. శ్రవణ, భాషణ, పఠన, లేఖనాలని భాషా నైపుణ్యాలను నాలుగుగా చెప్పి, వాటిలో శ్రవణాన్నే మొదట నిలిపింది మా శిక్షణ. ఆ మొదటిదాని కోసం కొనే వస్తువు గనుక ఈ విషయమై కొంత చదివాను, తెలిసినవారిని అడిగాను. ఆ ఫలితాన్ని మీ ముందుంచుతాను.

ముందుగా ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పుకోవాలి. ఈ బడి తలుపులు తెరిచిన నాటికి మహారాష్ట్ర రాష్ట్రమే ఏర్పడలేదు. అప్పటి రేడియో ఒక పెద్ద పెట్టె. బల్లపైన పెట్టి, అల్లికల గుడ్డ కప్పి మర్యాద చేయవలసిన వస్తువు. 1954లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే ట్రాన్సిస్టరు రేడియో వచ్చింది. అందులో ట్రాన్సిస్టర్లు నాలుగే. జేబులో పట్టే ట్రాన్సిస్టరు రేడియోను జనం అంగళ్ళలో చూసింది అప్పుడే. ఆ జాతి షోలాపూరు పూర్వభాగపు వీథులకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. చేరిన తరువాత మాత్రం బీడీలు చుట్టే తల్లుల చాటల పక్కన పీట వేసుకొని కూర్చున్నది. చేతులు తునికాకును కత్తిరిస్తుంటే చెవులు పాటను వినేవి. చీకటి పడితే మీడియం వేవులో హైదరాబాదు కేంద్రం అందేది. సాంచెల నడుమ నిలబడే పురుషులకు ఆ భాగ్యం లేదు. అక్కడ పక్క మనిషి పెట్టిన కేకే వినబడదు. మన ఇళ్ళలో తెలుగు పాటను నిలిపినవారు ఆడవారేనని నేనంటే అందులో కొంత పక్షపాతం ఉంటే ఉండవచ్చు. కారణం మాత్రం ఇదే.

1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్టును లోకానికి పరిచయం చేసింది. 1979 జూలైలో జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసింది. ఆ మొదటి వాక్‌మన్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. దానికి హెడ్‌ఫోను తగిలించే రంధ్రాలు రెండుండేవి. పైన నారింజరంగు మీట ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా ఎదుటివారి మాట వినిపించేది. ఒక మనిషి చెవులు మూసుకొని తన పాట తానే వినడం ఎదుటివారికి అమర్యాద అవుతుందేమోనని సోనీ అధినేత అకియో మోరితా సందేహించాడట. అందుచేత ఇద్దరు కలిసి వినడానికి, మధ్యలో మాట్లాడుకోవడానికి ఏర్పాటు చేశారు. జనం ఒంటరిగా వినడానికే ఇష్టపడ్డారు. తరువాతి నమూనాలలో ఆ మీట కనిపించకుండా పోయింది. నన్నడిగితే, ఇన్నేళ్ళలో ఈ యంత్రాలు పోగొట్టుకున్న మంచి గుణం అదొక్కటే.

ఆ తరువాతి కథ వేగంగా నడిచింది. 1984లో చేతిలో పట్టుకొనే సీడీ ప్లేయరు వచ్చింది. 1998లో కొరియా నుండి ఎమ్‌పీమ్యాన్, అమెరికా నుండి రియో అనే యంత్రాలు వచ్చాయి. వీటికి టేపు లేదు, పళ్ళెం లేదు. పాట ఎమ్‌పీత్రీ అనే రూపంలో చిప్పులో ఉంటుంది. సీడీలో ఒక నిమిషం పాటకు దాదాపు 10 మెగాబైట్ల చోటు కావాలి. చెవి పసిగట్టలేని అంశాలను తీసివేసి, దాన్ని ఒక్క మెగాబైటుకు కుదించడమే ఎమ్‌పీత్రీ చేసే పని. ఆ తొలి యంత్రాలలో చోటు 32 మెగాబైట్లు. అంటే అరగంట పాట, ఏడెనిమిది సినిమా పాటలు. 2001 అక్టోబరు 23న యాపిల్ సంస్థ ఐపాడ్‌ను ప్రకటించింది; 5 గిగాబైట్లు, వెయ్యి పాటలు, 185 గ్రాముల బరువు. అక్కడి నుండి పదేళ్ళపాటు లోకమంతా ఏటేటా కొత్త నమూనా కోసం ఎదురుచూసింది. యంత్రం రాకముందే దాని గుణగణాలపైన వదంతులు బయలుదేరేవి. 2004లో ఐపాడ్ మినీ వచ్చి విరగబడి అమ్ముడుపోతుండగానే 2005 సెప్టెంబరులో దాన్ని నిలిపివేసి నానోను తెచ్చారు. మినీని కొన్నవాడు తొందరపడ్డానని చింతించాడు. ఆగినవాడు నానో కొని, మరుసటి ఏటి నానోను చూసి అదే చింత పడ్డాడు. చివరకు 2022 మే నెలలో ఐపాడ్ అమ్మకాన్నే పూర్తిగా నిలిపివేస్తున్నట్లు యాపిల్ ప్రకటించింది. దాని పని ఫోను తీసుకున్నది.

ఆగుదామనేవారికి నా సమాధానం ఈ చరిత్రలోనే ఉన్నది. మన ఏడవ తరగతి పిల్లలు ఆగరు. ఈ ఏడు వినని పద్యాన్ని వారు వచ్చే ఏడు వినరు. వచ్చే ఏటికి వారు ఎనిమిదవ తరగతి. కొందరు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో వెళ్ళిపోయి ఉంటారు.

ఇక కొత్త నమూనాలలో ఏముంటుంది? నాకు తెలిసినంతలో అవి రెండు దారులలో పోతున్నవి. ఒకటి విలాసపు దారి. వాక్‌మన్ పేరుతోనే డెబ్బై వేల రూపాయలకు చేరువైన యంత్రాలు వచ్చాయి. వాటి గొప్ప అంతా ధ్వని సూక్ష్మతలోనిది. మనిషి చెవికి సెకనుకు 20 వేల కంపనాలకు మించినది వినిపించదు. పాత సీడీ ఆ మేరకు సరిపోతుంది. అంతకుమించిన దానికి డబ్బు పోయడం వారి వారి ఇష్టం, బడి ఇష్టం మాత్రం కారాదు. రెండవది సరళతా మార్గం. 2017లో సరిగమ సంస్థ, అనగా పూర్వపు గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, కారవాన్ అనే పెట్టెను తెచ్చింది. చూపుకు పాత రేడియోలా ఉంటుంది, లోపల ముందే నింపిన పాటలు 5 వేలు. నెట్టు అక్కరలేదు, తెర తడమనక్కరలేదు, మీట తిప్పితే చాలు. ఎన్నో ఇళ్ళలో పెద్దవారికి అది ఇష్టమైన కానుక అయింది. కొత్తదనం ఎప్పుడూ సంక్లిష్టతలోనే ఉండనక్కరలేదని ఆ పెట్టె చూపింది.

మీటల విషయమే చూడండి. 2009లో ఐపాడ్ షఫుల్ కొత్త నమూనాలో యంత్రంపైన పాటను నడిపే మీటలు తీసివేసి, హెడ్‌ఫోను తీగకు మార్చారు. మరుసటి ఏడాది నమూనాలో మీటలు మళ్ళీ యంత్రంపైకి వచ్చాయి. అదే 2009 నమూనాకు మరొక విశేషం, పాట పేరును గొంతుతో చదివి వినిపించడం. ఆ గొంతుకు 14 భాషలు వచ్చు. గ్రీకు వచ్చు, చెక్ వచ్చు, స్వీడిష్ వచ్చు. కోట్లమంది మాట్లాడే మన తెలుగు మాత్రమే కాదు, హిందీ కూడా అందులో లేదు. కొత్త నమూనా వస్తున్నదంటే అది ఎవరిని తలచుకొని చేసినదని అడగాలి.

తెలుగు లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చవక యంత్రాలు కొన్నింటిలో పాట పేరు తెలుగులో పెడితే తెరపైన ఖాళీ గళ్ళు కనబడతాయి, లేదా ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఖరీదైనవైతే బాగుంటాయా అంటే, 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ అనువర్తనాలు కుప్పకూలాయి. సంస్థవారు హుటాహుటిన సవరణ విడుదల చేయవలసి వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరం అంత బరువైనదని పిల్లలకు చెప్పుకొని నవ్వుకున్నాము. కాని మనకు కావలసింది నవ్వు కాదు. పిల్లవాడు తన చేతిలోని యంత్రంపైన 'వేమన పద్యాలు' అని తెలుగులో చదివి, ఎంచుకొని వినాలి. ఆంగ్లాక్షరాలలో రాసిన తెలుగును వెతికే అలవాటు ఒకసారి చేస్తే అచ్చులూ హల్లులూ నేర్పిన మా శ్రమ సగం వ్యర్థం.

ఇప్పుడు అన్నింటికన్న ముఖ్యమైన విషయానికి వస్తాను. కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను, మన్నించండి.

మన బడికి కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు మొదటి వారంలోనే ఒక ప్రశ్న వేస్తారు, ఇక్కడి పిల్లలు ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడతారని. సాంచెలున్న ఇంట పుట్టిన బిడ్డ గట్టిగా మాట్లాడక ఏం చేస్తుంది? మన ఇళ్ళలో ఎన్నింటికో గోడ ఇవతల కాపురం, గోడ అవతల కార్ఖానా. చద్దర్లు, తువ్వాళ్ళు నేసే ఈ సాంచెల మధ్య ధ్వని 90 డెసిబెళ్ళు దాటడం సాధారణం. ఫ్యాక్టరీల నియమాల ప్రకారం రోజుకు ఎనిమిది గంటలకు 90 హద్దు. పాళీ ఎనిమిది గంటలతో ముగుస్తుందో లేదో మీకే బాగా తెలుసు. ఇరవై, ముప్పై ఏళ్ళు అలా నిలబడిన మనిషికి చెవిలోపలి సన్నని రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది సెకనుకు నాలుగు వేల కంపనాల దగ్గరి హెచ్చు స్థాయి వినికిడి. మన భాషలో శ, ష, స ధ్వనుల బలం ఆ ప్రాంతంలోనూ ఆ పైనా ఉంటుంది. అందుకే తండ్రికి బిడ్డ గొంతు వినబడుతుంది, మాట తెలియదు. 'వినిపిస్తున్నది గాని అర్థం కావడం లేదు' అని మన ఇళ్ళలో పెద్దవారు అనే మాటకు శాస్త్రార్థం ఇదే.

ఆ తండ్రుల బిడ్డల చెవులలో ఇప్పుడు మనం ఇయర్‌ఫోన్లు పెట్టబోతున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో సురక్షిత శ్రవణానికి ఒక ప్రమాణం ప్రకటించాయి. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ళు, పిల్లలకు 75. ఇందులో ఒక లెక్క ఉన్నది, పై తరగతుల పిల్లలు గుర్తుంచుకోవాలి. మూడు డెసిబెళ్ళు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది, వినదగిన కాలం సగమవుతుంది. 80 వద్ద 40 గంటలైతే 83 వద్ద 20, 86 వద్ద 10, 89 వద్ద ఐదే గంటలు. 95కు చేరితే వారమంతటికీ గంటంపావు. పిల్లవాడు సాంచెల చప్పుడు పక్కన కూర్చొని పాట వింటే, ఆ చప్పుడును మించేలా పెంచుకొని వింటాడు. రెండు దెబ్బలూ ఒకే చెవికి తగులుతాయి.

ఈ ప్రమాణం ప్రకారం చేసిన యంత్రం వారమంతా ఎంత ధ్వని చెవిలోకి వెళ్ళిందో తానే లెక్కగడుతుంది. హద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. పెద్దలు ఒక సంకేతపదంతో హెచ్చుస్థాయికి తాళం వేయవచ్చు. ఐరోపా సమాజ దేశాలలో 2013 నుండి అమ్మే సంగీతయంత్రాలు 85 డెసిబెళ్ళ వద్ద ఆగి, అంతకు మించాలంటే హెచ్చరించాలన్న నియమం ఉన్నది. కనుక రాబోయే నమూనాలలో నేను ఎదురుచూసే మొదటి గుణం పాటల సంఖ్య కాదు, ఈ తాళం. అది లేనిది ఎంత చవకగా వచ్చినా, ఎవరు ఉచితంగా ఇచ్చినా, ఈ బడి గడప దాటనివ్వను.

ధ్వని విషయంలోనే ఆశ కలిగించే కొత్త పోకడ ఒకటున్నది. బ్లూటూత్ ప్రమాణాలు చూసే సంస్థ 2022లో ఆరాకాస్ట్ అనే పేరుతో ఒక పద్ధతిని ప్రకటించింది. ఒకే యంత్రం నుండి వెలువడే ధ్వనిని చుట్టుపక్కల ఎందరైనా తమ తమ చెవియంత్రాలలో ఒకేసారి అందుకోవచ్చు. వినికిడి సాధనం పెట్టుకున్న బిడ్డ కూడా ఆ సాధనం ద్వారానే తక్కిన పిల్లలతో పాటు వినగలుగుతుంది, సాధనం ఆ పద్ధతికి తగినదైతే. ఇది ఇప్పుడిప్పుడే కొన్ని ఫోన్లలోకి, శ్రవణసాధనాలలోకి వస్తున్నది. వాక్‌మన్ పోగొట్టుకున్న ఆ 'కలిసి వినడం' ఈ దారిలో తిరిగి వస్తుందేమో. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పాటలు వినే ఒక రకం ఇయర్‌ఫోన్లను స్వల్ప, మధ్యస్థ చెవుడు ఉన్న పెద్దలకు వినికిడి సాధనంగా వాడే సాఫ్ట్‌వేరుకు అనుమతి ఇచ్చింది. బిడ్డకు పాట వినిపించే వస్తువే తండ్రికి బిడ్డ మాట వినిపించే రోజు వస్తున్నదన్నమాట. దానికి మాత్రం ఆగవచ్చు. అది మన పూర్వభాగానికి అందుబాటు ధరలో దిగివస్తే మళ్ళీ ఇలాగే ఒక సభ పెట్టుకుందాము.

ఫోను చాలదా అన్నవారికి ఒక మాట. ఫోనులో పాటతో పాటు బజారు మొత్తం వస్తుంది. కథ వింటున్న బిడ్డకు మధ్యలో ఎవరో సందేశం పంపుతారు, ప్రకటన మోగుతుంది, ఆట పిలుస్తుంది. పైగా ఫోను తండ్రిది. తండ్రి పాళీకి వెళితే కథ కూడా పాళీకి వెళుతుంది. ఒకే పని చేసే యంత్రం ఒక మెట్టు తక్కువదని నేననుకోను. చీపురు ఊడ్చడమే చేస్తుంది, దానికెవరూ వంక పెట్టరు.

నెట్టుపైన ఆధారపడే యంత్రాలు కూడా వద్దు. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థ నుండి మన బడికి శ్రవణపాఠాలు వచ్చాయి. చందా గడువు తీరిన మరునాడు పాఠాలన్నీ తాళం పడ్డాయి. చిన్న సంస్థలకే ఈ గతి అనుకోకండి. మైక్రోసాఫ్టు వారు 'ప్లేస్ ఫర్ ష్యూర్', అనగా తప్పక పాడుతుంది అనే ముద్రతో పాటలమ్మే ఏర్పాటు చేసి, 2006లో తామే తెచ్చిన జ్యూన్ అనే యంత్రంలో ఆ పాటలు పాడకుండా చేశారు. మన పాటలు మన దగ్గర, మన మెమొరీ కార్డులో, ఏ యంత్రంలోనైనా పాడే రూపంలో ఉండాలి. చోటుకు కొదవ లేదు. పాటకంటె మాటకు తక్కువ చోటు చాలు. ఒక గంట కథాశ్రవణం 15 మెగాబైట్లలో స్పష్టంగా ఇముడుతుంది. 32 గిగాబైట్ల కార్డులో రెండు వేల గంటలు. విద్యాహక్కు చట్టం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు ఏడాదికి విధించిన బోధన వెయ్యి గంటలు.

బ్యాటరీ గురించి ఒక్క మాట. మూతకు జిగురు వేసి మూసిన యంత్రం మూడు నాలుగేళ్ళకు బ్యాటరీతో పాటే చెత్తబుట్టకు పోతుంది. 2027 ఫిబ్రవరి నుండి ఐరోపాలో అమ్మే చేతి యంత్రాలలో, కొద్ది మినహాయింపులతో, వాడేవారే బ్యాటరీ తీసి మార్చుకోగలిగేట్టు ఉండాలని చట్టం చేశారు. ఆ ప్రభావం ఇక్కడి నమూనాలపైన పడుతుందని ఆశిద్దాము. ఈలోగా మరచుట్టలతో విప్పదగిన వాటినే వెతకాలి. మన బజారులో వాటిని బాగుచేయగల కుర్రవాళ్ళున్నారు, వారిలో సగంమంది ఈ బడివారే.

కాబట్టి పూర్వ విద్యార్థులకు నా మనవి. నలభై ఒకేసారి కొనవద్దు. ఈ ఏడు పదిహేను కొనండి. మీటలుండాలి, తీగ హెడ్‌ఫోను రంధ్రం ఉండాలి, కార్డు పట్టాలి, తెలుగు లిపి సరిగా కనబడాలి, ధ్వనికి తాళం ఉండాలి. చెవిలోపల దూర్చేవి కాక చెవిపైన కూర్చునే హెడ్‌ఫోన్లు తెండి; శుభ్రపరచడం సులువు. ఎంపిక చేసిన నమూనా ఒక్కటి ముందుగా తెచ్చి వారం రోజులు ఏడవ తరగతి పిల్లల చేతికివ్వండి. దాని లోపాలు వారు కనిపెట్టినంతగా దుకాణదారు చెప్పడు. ధ్వని కొలిచే పరికరం ఒకటి మా సైన్సు ప్రయోగశాలకు కావాలి. మిగిలిన సొమ్ము రెండేళ్ళ తరువాతి నమూనాలకు అట్టిపెట్టండి.

తల్లిదండ్రులకు మరొక మనవి. యంత్రంలో నింపవలసింది అంగట్లో దొరికే పాట మాత్రమే కాదు. మీ ఇళ్ళలో కరీంనగరు, నల్గొండ, పాలమూరు పల్లెల నుండి వచ్చిన నానమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. నారళీ పున్నమనాడు మార్కండేయ స్వామి రథం ముందు వారు పాడే పాటలు, బతుకమ్మ పాటలు, పడుగు చేసేటప్పుడు పాడుకున్న పాటలు ఏ కంపెనీ కార్డులోనూ ఉండవు. ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మా సంగీతం గది తెరిచి ఉంటుంది. ఆ గది సాంచెలకు దూరంగా, వెనుకవైపు ఉన్నది, చప్పుడు తక్కువ. వారిని తీసుకొని రండి. రాలేనివారుంటే తెలుగు ఉపాధ్యాయినితో చెప్పండి, రికార్డరు తీసుకొని మేమే మీ ఇంటికి వస్తాము. బీడీల లెక్క అప్పగించే వేళకు అడ్డురాకుండా సమయం మీరే నిర్ణయించండి.